కల్వర్టు దగ్గర రొద

బస్సు మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్ళు చివరికి బస్సునే తిడతారు. పాపం బస్సేం చేసింది? తెల్లగా, పక్కన ఆకుపచ్చ చారతో, కాళ్ళ కింద వేడి లేకుండా, డీజిలు కంపు లేకుండా, ఒళ్ళో గిన్నె పెట్టుకుంటే పులుసు తొణక్కుండా పోతుంది. పలాస, కాశీబుగ్గల్లో పొగ తగ్గించాలని, ఊరికీ చుట్టుపక్కల పల్లెలకీ కలిపి ఇలాంటి కరెంటు బస్సులు నాలుగు ఇచ్చారు. డబ్బు ప్రభుత్వానిది, బస్సు కంపెనీది, డ్రైవరూ కంపెనీ మనిషే, కండక్టరు డిపో మనిషి. ఆ కండక్టర్లలో ఒకర్తి రాజకుమారి.

పద్నాలుగేళ్ళు పాత బస్సుల మీద చేసింది. తలంటుకున్నా జడలోంచి పొగ వాసన పోయేది కాదు. కొత్త బస్సెక్కిన మొదటి రోజు అలవాటు కొద్దీ, ‘టికెట్ టికెట్’ అని అరిచేసరికి బస్సంతా ఉలిక్కిపడి చూసింది. ఇన్నేళ్ళూ ఇంజను మీద అరిచిన గొంతు అది. తన గొంతు అంత పెద్దదని ఆవిడకి ఆ రోజే తెలిసింది. సిగ్గుపడి, ఆ తర్వాత నుంచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మామూలుగా అడగడం నేర్చుకుంది. సాయంత్రం ఇంటికెళ్ళి జడ విప్పి వాసన చూసుకుంటే కొబ్బరినూనె వాసనే వచ్చింది. అంతకంటే ఏం కావాలి మనిషికి?

చిక్కల్లా గున్నాలపేట దగ్గర వచ్చింది. ఆ ఊరు మెయిన్ రోడ్డు మీద లేదు. సముద్రం వైపు నుంచి పలాస తిరిగొచ్చే బస్సు జంక్షన్ దగ్గర మళ్ళి, మూడు కిలోమీటర్లు జీడితోటల మధ్య లోపలికి పోయి, కల్వర్టు దాటి, తుఫాను షెల్టరు ముందు వెనక్కి తిరిగి, మళ్ళీ అదే దారిన జంక్షన్‌కి రావాలి. రానూ పోనూ ఆరు కిలోమీటర్ల చార్జింగు. అందుకని డిపోలో ఒక లెక్క పెట్టారు. రెండు వారాలు చూస్తారు. మొదటి వారం అలవాటుకి వదిలేస్తారు. రెండో వారం ఆరు రోజుల్లో గున్నాలపేటలో అరవై మంది ఎక్కితే పొద్దుటి బస్సు లోపలికి వెళ్తుంది, లేకపోతే తిన్నగా మెయిన్ రోడ్డు మీదే పోతుంది. పాత బస్సునైతే అప్పటికే తుక్కు కింద తోసేశారు.

అరవై అన్న మాట విని రాజకుమారి నవ్వేసింది. గున్నాలపేటలో పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకి పోయే ఆడవాళ్ళే పదమూడు మంది. పైగా మంగళ, గురు, శనివారాలు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోడానికి వచ్చే అసిరయ్య, ఆయన పక్కన భార్య అప్పలనరసమ్మ. ఐదు రోజులు కూడా పట్టదు, ఇదేం లెక్కండీ అంది ఆవిడ డిపోలో.

మొదటి వారం సోమవారం ముగ్గురు ఎక్కారు. మంగళవారం నలుగురు. బుధవారం ఇద్దరు.

రాజకుమారికి ఒళ్ళు మండింది. ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం, బస్సు చల్లన, సీట్లు మెత్తన, ఇంకా ఏం కావాలట వీళ్ళకి? ఎక్కిన ఇద్దరినీ అడిగితే, ‘వత్తారమ్మా, వత్తారు’ అన్నారు తప్ప విషయం చెప్పలేదు. వాళ్ళూ ఒగురుస్తూ ఎక్కినవాళ్ళే.

శనివారం సంగతి తెలిసింది. బస్సు ఆరూ ఇరవైకి షెల్టరు ముందు ఆగింది. అసిరయ్య, అప్పలనరసమ్మ, ఇంకొక పిల్ల ఎక్కారు. నిమిషం కాగానే డ్రైవరు లోకనాథ్ తలుపు వేశాడు. కల్వర్టు దాటాక రాజకుమారి ఎందుకో వెనక అద్దంలోంచి చూసింది. తోటల్లోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రోడ్డు మీదికి వస్తున్నారు. చేతిలో క్యారేజీ సంచులు, సగం చుట్టిన ముడులు. ఒకామె చెయ్యెత్తి ఊపుతోంది. బస్సు మలుపు తిరిగింది.

“మీవాళ్ళు పరిగెడుతున్నారేంటత్తా?” అని అడిగింది అప్పలనరసమ్మని. ఆ దారి మీద పెద్దవాళ్ళందరినీ అత్తా, మావా అనే పిలుస్తుంది ఆవిడ.

“ఏటి సేత్తారమ్మా? మీ బస్సు సెప్పా పెట్టకుండా ఒచ్చీసి, సెప్పా పెట్టకుండా ఎలిపోతంది.”

అప్పుడు చెప్పింది అప్పలనరసమ్మ. గున్నాలపేటలో ఇళ్ళు రోడ్డు మీద ఉండవు. ఎవరి కొబ్బరితోటలో వాళ్ళ ఇల్లు. రోడ్డుకి అడ్డంగా జీడిచెట్లు, వాటి ముందు ముళ్ళకంచె. పాత బస్సు కల్వర్టు దగ్గర ఇసక మిట్ట ఎక్కేటప్పుడు మొదటి గేరులో పడి పెద్ద రొద చేసేది. ఆ రొద ఊరి చివరింటి దాకా వినిపించేది. అది వినిపిస్తే గంజి వార్చాలి. బస్సు షెల్టరు ముందు ముందుకీ వెనక్కీ పడుతూ, రాజకుమారి విజిలేస్తూ ఉంటే తల దువ్వాలి. విజిలు ఆగితే చెప్పులేసుకుని బయల్దేరాలి. బయల్దేరినవాళ్ళకి బస్సు ఎన్నడూ తప్పలేదు. తల్లులు అలాగే ఎక్కారు, కూతుళ్ళు అలాగే ఎక్కారు. ఇప్పుడు రొద లేదు, విజిలు లేదు. ఇదేమో ఒక్క తిప్పులో తిరిగిపోతుంది.

“ఫోన్లున్నాయి కదత్తా. టైము చూసుకోవచ్చుగా? ఆరూ ఇరవై అంటే ఆరూ ఇరవై, నిమిషం తేడా రాదు ఈ బస్సు.”

అప్పలనరసమ్మ ఆవిడ ముఖంలోకి జాలిగా చూసింది. “బస్సు టైముకొత్తాదని ఎవులనుకుంటారమ్మా?”

పద్నాలుగేళ్ళలో ఆ పాత బస్సుని ఒకరోజు ఆరుకి, ఒకరోజు ఆరూ నలభైకి, ఒక్కోరోజు ఏడింటికి తీసుకొచ్చింది తనే.

*

సోమవారం నుంచి లెక్క మొదలు. రాజకుమారి పొద్దున్నే లోకనాథ్‌ని బతిమాలింది. కల్వర్టు దగ్గర ఒక్క హారన్ కొట్టు తమ్ముడూ, గట్టిగా, పొడుగ్గా, అంతే.

లోకనాథ్‌ది ఇచ్ఛాపురం. ఇంట్లో ఒరియా, రోడ్డు మీద తెలుగు, చిరాకేస్తే రెండూ. మంచివాడే గానీ స్టీరింగు పక్కనున్న పలకంత తెర వైపు మాటిమాటికీ చూస్తుంటాడు. బ్రేకు గట్టిగా వేస్తే అందులో పడుతుంది. స్టాపు కానిచోట ఆపితే పడుతుంది. హారన్ ఎన్నిసార్లు, ఎంతసేపు కొట్టాడో కూడా పడుతుంది. అయినా కొట్టాడు. తోటల్లో కాకులు లేచాయి. షెల్టరు దగ్గరికి పన్నెండు మంది వచ్చారు, ఇద్దరి జడలు ఇంకా నీళ్ళు కారుతున్నాయి. జీడి రసానికి నల్లబడిన వేళ్ళతో ఆధార్ కార్డులు తీసి చూపించారు. కార్డులెందుకే, మీ ముఖాలు నాకు తెలీవా అని రాజకుమారి పన్నెండు సున్నా టికెట్లు కొట్టి చింపి ఇచ్చింది. వాళ్ళ మధ్య నిలబడి మొదటిసారి ఈ బస్సులో గట్టిగా నవ్వింది.

మధ్యాహ్నం లోకనాథ్‌కి కంపెనీ నుంచి ఫోను వచ్చింది. చప్పుడు లేని బస్సు అని చెప్పుకుని తిరుగుతుంటే పల్లెలో తెల్లారకుండా అంతసేపు హారన్ ఏమిటని. అతను ఆ ఫోను పెట్టేసి, చల్లారిన టీ పారబోశాడు.

“ఇది తెరలో పడిన రెండో తప్పు అక్కా. మూడోది పడితే బండి దింపేస్తారు. నన్ను అడగొద్దు.”

ఆవిడ అడగలేదు. ఒకరి పొట్ట మీద కొట్టి ఇంకొకరిని బస్సెక్కించడం ఏం ధర్మం?

మంగళవారం నలుగురే ఎక్కారు. అందులో ఇద్దరు అసిరయ్యా అప్పలనరసమ్మలే. మిగతావాళ్ళకి టైము చెప్పలేదా అంటే చెప్పింది, ముందురోజు ఒక్కొక్కరికీ చెప్పింది. అందరూ తలూపారు. ఒకామె ఫోనులో అలారం కూడా పెట్టుకుంది, ఆ ఫోను పట్టుకుని మొగుడు చేపల వేటకి పోయాడు. మిగతావాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని, తెలిసి తెలిసీ, రొద కోసమే చెవి పెట్టుకుని ఉండిపోయారు. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క రోజులో పొమ్మంటే పోతుందా?

ఆ రోజు బస్సులో అసిరయ్య ఒక ఉపాయం చెప్పాడు. ఆయన ఒకప్పుడు రోజుకి నలభై కొబ్బరిచెట్లు ఎక్కి దింపిన మనిషి. ఇప్పుడు మెట్లు లేని బస్సు ఎక్కడానికే రెండుసార్లు ఆగుతాడు. సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసిన ఎడమచేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఆ చేతిని ఎవరికీ తగలనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. బైకు వెనక కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి, ఒకసారి పడ్డాడు. ఆటో రావాలంటే జంక్షన్ నుంచి రావాలి, అదీ వాడి దయ. అందుకని ఈ బస్సు ఊళ్ళోకి రావడం ఆడవాళ్ళకి పనైతే, ఆయనకి పేనం. ఆ మాట ఆయనే అన్నాడు.

“నాకు నిద్దర పట్టదు తల్లీ. మూడింటికే లేసి కూకుంటాను. కల్వర్టు గోడ మీద కూకుంటే జీడిచెట్ల మలుపు కాడ మీ బస్సు అగుపిత్తాది. అగుపిచ్చగానే కంచం కొడతాను. పాత బస్సు రొద నాను సేత్తాను.”

*

బుధవారం కంచం మోగింది. అప్పలనరసమ్మ పుట్టింటి కంచు పళ్ళెం అది. ఉప్పు మానేసినప్పటినుంచి అసిరయ్య చప్పిడన్నం తినేది అందులోనే. కల్వర్టు గోడ మీద, తలకి తువ్వాలు చుట్టుకుని, కంచాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, కుడిచేత్తో ఇనప గరిటె పట్టి కొడుతుంటే తోటంతా ఖంగుమంది. బస్సు ఆయన పక్కనుంచి పోతుంటే లోకనాథ్ కూడా నవ్వి చెయ్యెత్తాడు. షెల్టరు ముందు పదమూడు మంది, ఒక్కరు తక్కువ లేకుండా.

గురువారం పద్నాలుగు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళలో ఒకామెకి జ్వరం, అందుకని పన్నెండు మంది, మొగుడూ పెళ్ళాలు ఇద్దరు. కంచం కొట్టిన అసిరయ్యే చివర మిగిలిపోయాడు. కల్వర్టు నుంచి షెల్టరు దాకా నడవలేడని, బస్సు తిరిగొచ్చేటప్పుడు కల్వర్టు దగ్గర లోకనాథ్ వేగం తగ్గించి, తెర వైపు ఒకసారి చూసి, తలుపు తీశాడు. పది క్షణాలే, తెరలో పడనంతసేపు. కంచం చంకలో పెట్టుకుని ఎక్కాడాయన. ఆడవాళ్ళందరూ మళ్ళీ ఒకసారి కొట్టు మావా అని ఆటపట్టించారు. భవాని అని పసుపు చీరలో ఉన్న పిల్ల ఆ కంచం లాక్కుని తనే కొట్టింది. భవాని ఫ్యాక్టరీలో జీడిపప్పు మీద పొట్టు తీస్తుంది. గోళ్ళు అరిగిపోయి వేళ్ళ కొనలు నున్నగా అయిపోయాయి, అయినా గరిటె పట్టు గట్టిది. ఎనిమిది దాటి వెళ్తే గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు వాళ్ళని. ఆ వారంలో రెండుసార్లు తిరిగొచ్చింది భవాని.

రాజకుమారి మనసులో కూడుకుంది. పన్నెండు, నాలుగు, పదమూడు, పద్నాలుగు. నలభై మూడు. శుక్రవారం పదమూడు వస్తే శనివారం నలుగురు ఎక్కినా చాలు. ఆవిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం కల్వర్టు గోడ మీద ఎవరూ లేరు.

శుద్ధి చేయించుకున్న మర్నాడు అసిరయ్య ఎప్పుడూ నీరసంగానే ఉంటాడు. ఆ రోజు మంచం మీంచి లేస్తుంటే కాళ్ళు తేలిపోయి మళ్ళీ పడుకున్నాడు. అప్పలనరసమ్మ ఆయన కాళ్ళు పిసుకుతూ ఉండిపోయింది. ఇదంతా రాజకుమారికి తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో తెలిసిందల్లా ఖాళీ గోడ, షెల్టరు అరుగు మీద ఇద్దరే ఇద్దరు. తక్కిన పదకొండు మంది ఇళ్ళలో కూర్చుని కంచం కోసం చూస్తున్నారని ఆవిడకి అర్థమైంది. చెవులు రొద మీంచి కంచం మీదికి మళ్ళాయి గానీ, గడియారం మీదికి మళ్ళలేదు.

నిమిషం అయింది. ఇంకొంచెం ఉండు తమ్ముడూ అంది. లోకనాథ్ ఉన్నాడు. తెర మీద ఏదో ఎర్రగా వెలిగింది. తలుపు వేసి కదిలాడు.

కల్వర్టు దాటుతుండగా వెనక నుంచి కేక వినిపించింది. ఎవరో కంచె మీంచి బస్సు తెల్లటి పైకప్పు చూసి ఉంటారు. అద్దంలో చూస్తే, ఒకరి వెనక ఒకరు, రోడ్డు మీద పడి పరిగెడుతున్నారు. ముందు పసుపు చీర. భవాని. రాజకుమారి ఆపమని అరిచింది, ఆ పాత గొంతుతో. లోకనాథ్ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది, వెళ్ళి ఆగింది. మూడోది. అతను తల తిప్పకుండా, “అక్కా, నా వల్ల కాదు” అన్నాడు. బస్సు సాగింది.

రాజకుమారి వెనక సీటు మీద మోకాలు ఆనించి లెక్కపెట్టింది. పసుపు. ఆకుపచ్చ. నీలం, నీలం. గళ్ళ చీర. ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుంది. పదకొండు మంది. ఆవిడకి పట్టరానంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. లోకనాథ్ మీద కాదు, ఆడవాళ్ళ మీద కాదు, మంచం మీదున్న ముసలాయన మీద అసలే కాదు. బస్సెక్కడానికి కాకపోతే మరి ఎందుకు పరిగెడుతున్నారు వాళ్ళు? వీళ్ళకి ఈ బస్సు అక్కర్లేదని రేపు డిపోలో ఎవరో కాగితం మీద రాస్తాడా?

మిషన్ తీసింది. గున్నాలపేట నుంచి పలాస. ఆడవారు. సున్నా. నొక్కింది. చీరలు మలుపు దాటి కనపడకుండా పోయేలోగా పదకొండు టికెట్లు కొట్టింది. కనిపించినవాళ్ళకే కొట్టింది, ఒక్కటి ఎక్కువ కొట్టలేదు. ఆ కాగితాలు చింపి, వరసగా మడిచి, సంచీలో పెట్టుకుంది. అడిగితే ఎవరిది వాళ్ళకి రేపు ఇచ్చేసేలా పెట్టుకుంది.

జంక్షన్ దగ్గర చెకింగు జీపు అడ్డంగా ఆగి ఉంది.

తారకేశ్వరరావు అనే పెద్దాయన ఎక్కాడు. టెక్కలి మనిషి, లంచం ఎరగడని పేరు. ఒక్కో సీటు పిడిని వేలితో ముట్టుకుంటూ తలలు లెక్కపెట్టాడు. వెనకనుంచి ముందుకి ఇంకోసారి లెక్కపెట్టాడు. మనుషులు ఇరవై ఒకటి. మిషన్‌లో టికెట్లు ముప్పై రెండు.

ఉచిత టికెట్ల మీద పైవాళ్ళ కళ్ళున్న రోజులివి. ఎక్కని ఆడవాళ్ళ పేరున టికెట్లు కొడితే దాన్ని ఏమంటారో రాజకుమారికి ఆయన చెప్పక్కర్లేదు. ఆవిడే ఎందరికో చెప్పింది.

“పరిగెడుతున్నారు సార్. ఎక్కేవాళ్ళే. అందరినీ చూసే కొట్టాను.”

తారకేశ్వరరావు కిందికి దిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, గున్నాలపేట దారి వైపు చాలాసేపు చూశాడు. నిజంగానే చూశాడు. మూడు కిలోమీటర్ల దారి, అటూ ఇటూ జీడితోటలు.

“రోడ్డు మీద ఎవరూ లేరమ్మా,” అన్నాడు.

*

శనివారం పొద్దున సస్పెన్షను కాగితం ఇచ్చారు. రాజకుమారి సంతకం పెట్టింది. విచారణ దాకా ఇంట్లో ఉండమన్నారు, ఉంది. ఆదివారమంతా బియ్యంలో రాళ్ళు ఏరింది. సోమవారం జడ విప్పుకుని కూర్చుంది. తన సంగతి తనకి పెద్దగా దిగులనిపించలేదు. ఇవాళ కాకపోతే రేపు ఉద్యోగం తిరిగొస్తుంది, యూనియన్ ఉంది. అరవై లెక్క ఏమైందోనన్నదే ప్రాణం తోడేస్తోంది.

సోమవారం సాయంత్రం లోకనాథ్ ఫోను చేశాడు. శనివారం అప్పలనరసమ్మ తెల్లవారకుండానే వచ్చి కంచం కొట్టిందట. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు పదమూడు మందీ వచ్చారట. మొగుడూ పెళ్ళాలతో కలిపి పదిహేను మంది ఎక్కారట.

రాజకుమారి వేళ్ళ మీద కూడింది. సోమవారం పన్నెండు, మంగళవారం నాలుగు, బుధవారం పదమూడు, గురువారం పద్నాలుగు. శుక్రవారం నిజంగా ఎక్కినవాళ్ళు ఇద్దరే. శనివారం పదిహేను. రెండోసారి కూడింది. అరవై.

అరవై. ఆవిడ ఆ పదకొండు టికెట్లు కొట్టకపోయినా, సరిగ్గా అరవై.

“మరింకేం తమ్ముడూ,” అంది.

“కాదక్కా. గున్నాలపేట టికెట్లు నమ్మడానికి లేదన్నారు. వారం మొత్తం కొట్టేశారు. సున్నా వేశారు. రేపట్నుంచి లోపలికి తిప్పొద్దని చెప్పారు.”

ఊళ్ళోవాళ్ళకి చెప్పారా అని అడిగింది. బస్టాండు బోర్డు మీద రాశారన్నాడు లోకనాథ్. బస్టాండు పలాసలో ఉంది. అక్కడికి రావాలంటే వాళ్ళకి బస్సు కావాలి.

ఆవిడ దగ్గర వాళ్ళెవరి ఫోను నంబరూ లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అవసరం పడలేదు, పొద్దున్నే బస్సులో కనిపిస్తారు కదా.

మంగళవారం చీకటితో లేచి, సముద్రం వైపు పోయే ఐదింటి బస్సెక్కింది. తన బస్సే. కొత్త కండక్టరు ఆధార్ కార్డు అడిగి, చూసి, సున్నా టికెట్టు ఇచ్చాడు. జంక్షన్‌లో దిగుతుంటే లోకనాథ్ అద్దంలోంచి చూశాడు. తలుపు మూసుకుంది. బస్సు ఎప్పుడు కదిలిందో కూడా తెలియలేదు, తల తిప్పేసరికి దాని ఎర్రదీపాలు దూరంగా ఉన్నాయి.

మూడు కిలోమీటర్లు ఆ దారిని ఆవిడ ఎన్నడూ నడవలేదు. సగం దూరం పోయాక ఇసక చెప్పుల్లోకి వచ్చి మడమలు కోసింది. చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ నడిచింది. కూర్చుకున్నకొద్దీ నడక మందగించింది. కల్వర్టు కనిపించేసరికి ఆరూ ముప్పై ఐదు.

అందరూ ఉన్నారు. కల్వర్టు గోడ మీద అసిరయ్య, ఒళ్ళో కంచం, ఆసుపత్రి కాగితాల సంచీ మెడలో. షెల్టరు అరుగు మీద ఆడవాళ్ళు పదమూడు మందీ. తలలు దువ్వుకుని, పూలు పెట్టుకుని, క్యారేజీలు పక్కన పెట్టుకుని కుదురుగా కూర్చున్నారు. ఒక్కరి ఊపిరీ ఎగసిపడటం లేదు.

భవాని ఎదురొచ్చింది, చేతిలో ఫోను చూపిస్తూ.

“ఆరింటికే ఒచ్చీసినామక్కా. శనివారం నుంచి ఇదే. ఇంక కంచం కూడా అక్కర్నేదు, గడియారం సూసి ఒచ్చేత్తన్నాం. నువ్వేటి నడిసొత్తన్నావు, బస్సేది?”

రాజకుమారి అసిరయ్య దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“బస్సు రాదు మావా.”

ఆయన నవ్వాడు. తెలియనిదానికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

“అలగనకు తల్లీ. పాత బస్సయితే రొద నేదంటే రానట్టే. ఎవుల పనికి ఆళ్ళు ఎలిపోయేవోలం. ఇది అలగ కాదు గదా. సప్పుడు సెయ్యదు. ఇనపడ్నేదని మనం లేసి ఎలిపోనామనుకో, ఎనకాలే ఒచ్చీసి ఎలిపోతాది. మొన్న అలగే గదా పోనాది. ఇయ్యాల నాను కదల్ను.”

అప్పుడు మొత్తం చెప్పింది రాజకుమారి. టికెట్లు కొట్టడం, జీపు, వారమంతా కొట్టేసి సున్నా వేయడం. తప్పు నాదే అంది. మీరు అరవై మంది ఎక్కారు, నేను మిషను ముట్టుకోకుండా ఉంటే సరిపోయేది అంది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆవిడకి. అప్పలనరసమ్మ గోడకి ఆనుకుని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ పదకొండు మందిలో నానున్నానా?” అని అడిగింది భవాని.

“అందరికంటే ముందు నువ్వే. పసుపు చీర.”

భవాని తలూపింది. కాసేపు తన చీర కేసి చూసుకుంది. తర్వాత ఫోను చూసి, ఏడు కావస్తోందని, ఇప్పుడు నడిస్తే జంక్షన్‌లో ఏదో ఒక ఆటో దొరకొచ్చని, గేటు మూసేలోగా ఎవరో ఒకరైనా వెళ్ళొచ్చని అంది. ఆడవాళ్ళు సంచులు తీసుకుని లేచారు. రాజకుమారి వచ్చిన దారినే, ఒకరి వెనక ఒకరు, వేగంగా నడిచిపోయారు. ఈసారి ఎవరూ పరిగెత్తలేదు.

అప్పలనరసమ్మ ఆటోవాడికి ఫోను చేసింది. వాడు పలాసలో ఉన్నానన్నాడు, గంట పడుతుందన్నాడు. ఏడున్నరకి అసిరయ్య ఆసుపత్రి మంచం మీద లేకపోతే ఆ మిషను మీద ఇంకొకరిని పడుకోబెడతారు. మళ్ళీ గురువారమే. అప్పలనరసమ్మ కిందికి వంగి నీరు పట్టిన ఆయన పాదం మీద బొటనవేలు నొక్కి చూసింది. నొక్కినచోట గుంట పడింది, ఎంతకీ పూడలేదు.

అసిరయ్య అదేం పట్టించుకోలేదు. చెవి రిక్కించి కాసేపు విన్నాడు. ఈ బస్సుకి వినడం పనికిరాదని గుర్తొచ్చినట్టుంది, వినడం మానేసి జీడిచెట్ల మలుపు వైపు చూడ్డం మొదలుపెట్టాడు. ఎండ అక్కడినుంచే తిన్నగా ముఖం మీద పడుతోంది. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

“పక్కన కూకో తల్లీ,” అన్నాడు. కంచమూ గరిటే తీసి ఆవిడ చేతికిచ్చాడు. “నాకు కన్ను ఆనటం నేదు. నీకు అగుపిత్తే కొట్టు.”

రాజకుమారి గోడ మీద ఆయన పక్కన కూర్చుని, కంచం మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. అది ఆయన ఒళ్ళో ఉండి ఉండి ఇంకా వెచ్చగానే ఉంది.